షుగరు దించిన ఆకు

బయోకెమిస్ట్రీలో కొత్తగా చేరే పిల్లల కోసం నాలుగు మంచి మాటలు రాయమని మా డిపార్ట్‌మెంటు వాళ్లు అడిగారు. మంచి మాటలు చెప్పాలంటే వేదిక, మైకు, శాలువా ఉండాలి. అవన్నీ నేను రిటైరైన రోజునే అయిపోయాయి. ఆ రోజు నా గురించి అందరూ మాట్లాడింది విని, ఇంత గొప్పావిడ మన డిపార్ట్‌మెంటులో ఎప్పుడు పనిచేసిందబ్బా అని నేనే ఆశ్చర్యపోయాను. కాబట్టి మంచి మాటలు వాళ్లకే వదిలేస్తున్నాను. నేను జరిగిన మాటలు రాస్తాను.

రైలు తప్పిపోయినవాళ్లు

నేను తిరుపతిలో ఎమ్మెస్సీలో చేరినప్పుడు మా క్లాసులో బయోకెమిస్ట్రీ మీద ప్రేమతో వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. అందరం మెడిసిన్ సీటు రానివాళ్లమే. రైలు తప్పిపోయినవాళ్లు ప్లాట్‌ఫారం మీద ఒకరి మొహం ఒకరు చూడకుండా కూర్చున్నట్టు బెంచీల మీద కూర్చున్నాం. చిత్తూరులో మా నాయనకు బట్టల అంగడి ఉండేది. చీర కొనడానికి వచ్చిన ప్రతివాళ్లకూ "మా పాప డాక్టరు సదువుతా ఉండాది" అని చెప్పేవాడు. అబద్ధం ఎందుకు చెబుతావని నేను గోల చేస్తే, "ఎట్లయినా ఒంటి గురించిన సదువే గదా, గమ్మునుండు" అనేవాడు. కొన్నేళ్లకు నాకు పీహెచ్‌డీ వచ్చి, పేరు ముందు డాక్టరు చేరింది. నాయన మాట నిజమైపోయింది. వీధిలోవాళ్లు మోకాళ్లు చూపించుకోవడానికి వచ్చారు.

మీకూ ఇదే గతి. ఏ పెళ్లికి వెళ్లినా, పప్పు వడ్డించేలోపల ఎవరో ఒకరు సెల్‌ఫోన్‌లో రక్తపరీక్ష రిపోర్టు తెరిచి మీ విస్తరి పక్కన పెడతారు. నేను ఆ డాక్టరును కాదంటే, "మరి ఇన్నేళ్లు ఏం సదివినారు?" అంటారు. తిన్న ముద్ద ఒంట్లో ఏమవుతుందో చదివాను అని చెప్పి చూశాను. ముద్ద నోట్లో పెట్టుకోబోతున్న మనిషికి చెప్పవలసిన మాట కాదది.

వడ్డించేవాళ్లు ఎందరు?

మా డిపార్ట్‌మెంటుకు పెద్ద, మునిరత్నం సారు. ఎమ్మెస్సీలో నాకు పాఠం చెప్పారు, నేను ఉద్యోగంలో చేరాక నాకు పై అధికారి అయ్యారు. ఎంజైముల పాఠం ఆయన చెప్పినట్టు చెప్పినవాళ్లను నేను మళ్లీ చూడలేదు. బోర్డు మీద ఒక్క సమీకరణం రాయకుండా మొదలుపెట్టేవారు.

"పెండ్లిలో బంతి సూసినారా? వడ్డించేవాళ్లు నలుగురే ఉండారు. బంతిలో పదిమంది కూర్చుంటే వడ్డన బిరీన అయిపోతాది. నూరుమంది కూర్చుంటే? ఆ నలుగురూ పరిగెత్తల్ల. ఇంకా ఐదునూర్లమందిని పిలిస్తే? ఎంత పరిగెత్తినా అంతే, వాళ్ల వేగం ఇంక పెరగదు. వడ్డించేవాడు ఎంజైము, తినేవాడు సబ్‌స్ట్రేటు. పాఠం అయిపోయింది. పోయి అన్నం తినండి."

ఆ తర్వాత పెద్ద పెద్ద పండితుల ఉపన్యాసాలు విన్నాను. ఇదే సంగతిని గంటసేపు చెప్పి, ముందు అర్థమైంది కూడా పోగొట్టగల సమర్థులు వాళ్లలో చాలామంది. మా పిల్లలూ తక్కువవాళ్లు కాదు. సిట్రిక్ ఆమ్ల చక్రాన్ని చుక్కల ముగ్గులా కంఠస్థం చేసి పరీక్షలో దించేసేవాళ్లు. అది ఒంట్లో ఎక్కడ జరుగుతుందమ్మా అని వైవాలో అడిగితే, "సిలబస్‌లో రెండో యూనిట్‌లో మేడం" అని ఒకమ్మాయి చెప్పింది. పాసు చేశాను. ఆ జవాబులోనూ నిజం ఉంది.

ఇక ముందు నేను రాసేది చదివి మునిరత్నం సారు తెలివిలేనివారని అనుకోవద్దు. తెలివిలేనివాళ్ల వల్ల సైన్సుకు పెద్ద నష్టం లేదు, వాళ్ల మాట ఎవరూ వినరు. తెలివైనవాడు తన ఆలోచన మీదే మనసు పారేసుకున్నప్పుడే ప్రమాదం.

పనిచేయని ఆకు లేదు

ఒక కాలంలో మా డిపార్ట్‌మెంటులో షుగరు తగ్గించని ఆకంటూ లేదు. కొండ కింద, చంద్రగిరి కోట వెనక, పొలాల కంచెల మీద ఏ ఆకు కనిపించినా తెచ్చి ఎండబెట్టి, పొడి చేసి, కషాయం కాచి ఎలుకలకు పట్టేవాళ్లం. పద్ధతి సులభం. ఎలుకకు ఒక సూది వేస్తే దాని క్లోమం దెబ్బతిని షుగరు వస్తుంది. అట్లాంటి ఎలుకల్లో ఒక గుంపుకు ఆకు కషాయం, ఒక గుంపుకు ఉత్త నీళ్లు. కొన్ని వారాలకు రక్తం తీసి చూస్తే ఆకు తాగిన గుంపుకు షుగరు తగ్గి ఉంటుంది. థీసిస్ సిద్ధం. ఇంతమందికి డాక్టరేట్లు ఇప్పించిన ఆ ఎలుకలకు యూనివర్సిటీ ఆవరణలో ఒక విగ్రహమైనా లేకపోవడం అన్యాయం.

ఇన్ని ఆకులు పనిచేస్తుంటే ఊళ్లో షుగరు మాత్రలమ్మే అంగళ్లు ఎందుకు మూతపడలేదని అడిగినవాళ్లు లేరు. అడిగితే పక్కవాడి ఆకుతోపాటు తన ఆకు కూడా రాలుతుంది.

మునిరత్నం సారు ఆకు కంచెల మీద పాకే ఒక చేదు తీగది. పేరు చెప్పను. చెబితే రేపు పొద్దున మీ ఇంట్లో ఎవరో ఒకరు నములుతారు. దాని గురించి పేపర్లో ఒక వార్త వచ్చింది. తర్వాత ఒక యూట్యూబ్ కుర్రాడు వచ్చి సారును తెల్లకోటుతో నిలబెట్టి వీడియో తీశాడు. ఆ తర్వాత మా వరండా ఆస్పత్రి ఓపీలా తయారైంది. శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో డ్యూటీ దిగి నేరుగా వచ్చినవాళ్లు, పుత్తూరు నుంచి అమ్మను వెంటబెట్టుకుని వచ్చినవాళ్లు, అందరికీ ఆకు కావాలి. సారు లేదనకుండా గుప్పెడు ఎండుటాకు పొట్లం కట్టి ఇచ్చేవారు. "మాత్రలు మాత్రం మానొద్దప్పా" అని ప్రతి ఒక్కరికీ చెప్పేవారు. పరాయివాళ్ల విషయంలో ఆయన చాలా జాగ్రత్తపరులు.

రెడ్డెమ్మ

ఆ రోజుల్లో రెడ్డెమ్మ పరిశోధనకు చేరింది. పలమనేరు పక్కన పల్లె. ఇంట్లో పాడి. వాళ్లింట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి. ఆ ఆకులో షుగరు తగ్గించే పదార్థం ఏదో కనిపెట్టి వేరు చేయడం ఆమె పని. సారు గైడు, నేను సహ గైడు. సహ గైడంటే ఏమిటో చెబుతాను. మంచి జరిగితే ఫోటోలో చివర నిలబడే మనిషి, చెడు జరిగితే మొదట పిలిపించుకునే మనిషి.

ఒక పొద్దున ఎలుకల గదిలో నుంచి నన్ను పిలిచింది.

"మేడం, ఒక మాట అడిగితే కోప్పడరు గదా?"

"అడుగు."

"ఆకు తాగే ఎలకలు మేత తినేదే ల్యా. సూడండి, గిన్నెల్లో పెట్టింది పెట్టినట్టే ఉండాది. నీళ్లు తాగే గుంపేమో గిన్నెలు నాకి పెట్టినాయి."

"కషాయం చేదు కదా, నోరు చెడి ఉంటుంది" అన్నాను.

"అదే మేడం నేననేది. తినకుంటే షుగరు యాణ్నుంచి వస్తాది? దించేది ఆకా, పస్తా?"

నేను వంగి గిన్నెలు చూశాను. ఎన్ని థీసిస్‌లు నా చేతుల మీదుగా వెళ్లాయో, ఎన్ని గ్రాఫులకు బాగుందని తలూపామో గుర్తొచ్చింది. ఒక్కసారి కూడా ఈ ప్రశ్న అడిగినట్టు మాత్రం గుర్తురాలేదు.

ప్రశ్న పుట్టాక దాన్ని తేల్చే దారి కష్టం కాదు. ఇంకొక గుంపు పెట్టాం. వీటికీ షుగరు ఉంది, కానీ ఆకు ఇవ్వం. ఆకు తాగిన ఎలుకలు నిన్న ఎంత తిన్నాయో తూకం వేసి, ఈరోజు వీటికి అంతే మేత. ల్యాబ్‌లో పిల్లలు దానికి పస్తుల గుంపని పేరు పెట్టారు. రెడ్డెమ్మ పండగలకు కూడా ఇంటికి పోకుండా ఆ తూకాలు తానే వేసింది. చివరికి రక్తం పరీక్షించి గ్రాఫు గీస్తే, ఆకు తాగిన గుంపు గీత, పస్తుల గుంపు గీత ఒకదాని మీద ఒకటి పడ్డాయి. నమ్మకం కుదరక మళ్లీ మొదటినుంచి చేశాం. మళ్లీ అంతే. ఆకు చేసిన గొప్ప పనల్లా ఎలుకల ఆకలి చంపడమే.

కథల్లో అయితే ఇక్కడ శాస్త్రవేత్త ఎగిరి గంతేయాలి. రెడ్డెమ్మ స్టూలు మీద కూలబడింది.

"ఇప్పుడు నా థీసిస్ ఏమయితాది మేడం? ఆకులో ఏముందో కనుక్కోమన్నారు. ఏం లేదని ఎట్ల రాసేది?"

ఆమె ఫెలోషిప్ గడువు దగ్గరపడింది. పీహెచ్‌డీ చేతిలో ఉంటే తప్ప కాలేజీ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవడానికి లేదు. పీహెచ్‌డీ రావాలంటే సారు సంతకం కావాలి. సారేమో ఆ ఆకుతోనే తెల్లకోటులో వీడియోకెక్కి ఉన్నారు.

"లేదని తెలిస్తే లేదనే రాయాలి. పద, సారు దగ్గరికి పోదాం" అన్నాను. 

"ఆ గుంపు తీసెయ్"

సారు గ్రాఫును కళ్లజోడు పెట్టుకుని ఒకసారి, తీసేసి ఒకసారి చూశారు.

"ఈ గుంపు ఎవరు పెట్టమన్న్యారు?"

"నేనే పెట్టినాను సార్. ఎలకలు మేత తినకపోతాంటే..." అని రెడ్డెమ్మ మొదలుపెట్టింది.

"తినేది, తినకపోయేది ఎలక ఇష్టం. మన సబ్జెక్టు ఆకు. ఆ గుంపు తీసెయ్. మిగతాది రాసుకోనిరా. సంతకం పెడతా."

రెడ్డెమ్మ తల వంచుకుంది. ఒప్పుకుందనే అనుకున్నాను. తల ఎత్తకుండానే అంది: "తీసేస్తే, సూసింది సూడలేదని సెప్పినట్టు అయితాది గద సార్."

సారు నా వైపు తిరిగారు. "ఏమ్మా, ఇదంతా నువ్వు నేర్పిచ్చిందేనా?"

"కాదు సార్. నాకు తట్టనే లేదు. కానీ ఆ గుంపు ఉండాల్సిందే. అది లేకుండా రాస్తే నా సంతకం ఉండదు."

ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. నవ్వారు. బల్ల కింద నుంచి ఒక స్టీలు ఫ్లాస్కు తీసి, మూతలోకి నల్లటి కషాయం వంచుకుని, మా ఎదుటే గుక్కలో తాగేశారు.

"మీకు ఎలకలు సాక్ష్యం. ఈ ఆకుకు నేనే సాక్ష్యం. దీన్ని మొదలుపెట్టినాక మాత్రలు నిలిపేసినా. షుగరు దిగింది, బరువూ దిగినా. బెల్టుకు కొత్త తూటు కూడా పెట్టించినా, సూడు!"

 ఆయనకు షుగరు ఉందని నాకు తెలుసు. మాత్రలు మానేశారని తెలియదు. బెల్టు వైపు చూస్తూ రెడ్డెమ్మ మెల్లిగా అడిగింది.

"అన్నం బాగా తింటా ఉండారా సార్?"

"ఆకలి యాడ ఉండాది..." అని సారు ఆగిపోయారు.  గ్రాఫు మా వైపు తోసి, "ఇద్దరూ బయటికి పొండి" అన్నారు.

మర్నాడు నేనొక్కదాన్నే మళ్లీ వెళ్లి మాత్రలు మానొద్దని బతిమాలాను. "నువ్వు డాక్టరువా?" అన్నారు. ఊరంతా నన్ను డాక్టరంటుంటే కాదని చెప్పుకుంటూ తిరిగినదాన్ని, ఏమనగలను? సారు ఇంటికి ఫోను చేసి, మేమంతా అమ్మగారని పిలిచే ఆయన భార్యకు చెప్పాను. "నేను సెప్తే వింటాడా మ్మా? నాకు బయోకెమిస్ట్రీ తెలవదంటాడు" అందావిడ.

సత్యం పలికినందుకు శాస్త్రలోకంలో దక్కే బహుమతులు నాకు వెంటనే దక్కాయి. మొదటి సంవత్సరం ప్రాక్టికల్స్ మొత్తం నాకే వచ్చాయి. కోల్డ్‌రూములో నా అర ఇంకొకరికి వెళ్లింది. మీటింగులు అయిపోయాక వాటి గురించి తెలిసేది. రెడ్డెమ్మ థీసిస్ సారు బల్ల మీద ఒక మూలన, ఏ సంతకమూ లేకుండా, ఎండుటాకు పొట్లాల పక్కన పడి ఉండేది.

కొండకు నడక

ఆ తర్వాత జరిగింది మా ఎలుకలు చెప్పగలిగిందే. కొన్నాళ్లకు సారు నాలుకకు చేదు అలవాటైంది. ఆకలి తిరిగొచ్చింది. ఆకలితోపాటు షుగరూ తిరిగొచ్చింది. ఆయన మాత్రం రక్తం పరీక్ష చేయించుకోవడం మానేశారు. నిజమని తెలిసిపోయినదాన్ని మళ్లీ పరీక్షించడమెందుకు?

ఆకు ప్రాజెక్టును డబ్బిచ్చేవాళ్లు ఇంకొన్నేళ్లు పొడిగించారని మొక్కు తీర్చుకోవడానికి చెప్పుల్లేకుండా అలిపిరి నుంచి కొండకు నడిచి వెళ్లారు. వచ్చాక పాదం కింద బొబ్బ. షుగరున్నవాళ్లకు కాళ్లలో స్పర్శ తగ్గుతుందని, పుండు మానదని, ప్రతి సంవత్సరం క్లాసులో ఆయనే చెప్పేవారు. ఆ పాదానికే బూట్లు తొడుక్కుని రోజూ క్లాసుకు వచ్చారు.

ఒకరోజు ఎమ్మెస్సీ పిల్లలకు పాఠం చెబుతూ చెబుతూ కుర్చీలో కూర్చుండిపోయారు. ఆయన కూర్చుని పాఠం చెప్పడం ఎవరూ ఎరగరు. ఒళ్లు కాలిపోతోంది. ఆస్పత్రిలో బూటు విప్పితే గదిలో నిలబడలేకపోయాం. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చిన్న పిల్ల. రిపోర్టు చూసి మండిపడింది.

"ఇంత షుగరు పెట్టుకోని మాత్రలు ఎవరు మానమన్నారు సార్? ఏ నాటువైద్యుడు చెప్పినాడు?"

సారు గోడ వైపు తిరిగి పడుకున్నారు. అమ్మగారు కొంగుతో కళ్లు తుడుచుకుంటూ జవాబిచ్చారు. "నాటువైద్యుడు కాదు మ్మా. యూనివర్సిటీలో పెద్ద పెద్దోళ్లు కనిపెట్టిన ఆకంట."

రెండు వేళ్లు తీసేయాల్సి వచ్చింది. పాదం దక్కింది.

అన్నాళ్లూ ఆయన మీద నాకు కోపం ఉండేది. నన్ను ప్రాక్టికల్స్‌కు తోసినందుకు కాదు, ఆ పిల్ల థీసిస్ ఆపేసినందుకు. ఏమేమి అనాలో మనసులో చాలాసార్లు అనుకున్నాను కూడా. ఆ మంచం దగ్గర నిలబడ్డాక ఆయన దుప్పటి మాత్రం సర్దాను. నాకు ఈ సబ్జెక్టు మీద ఇష్టం పుట్టించింది ఆ మనిషే. వరండాలోకి వచ్చి ఏడ్చాను. రెడ్డెమ్మ నా చేతిలో మంచినీళ్ల సీసా పెట్టి, లోపలికి వెళ్లి సారు పక్కన కూర్చుంది.

"ఎలకలు ఎట్లుండాయి?" అని సారు అడిగారట.

"తింటా ఉండాయి సార్" అందట.

 చేతికర్రతో డిపార్ట్‌మెంటుకు తిరిగొచ్చిన వారంలోనే సారు థీసిస్ మీద సంతకం పెట్టి పంపారు. విప్పి చూశాం. పస్తుల గుంపు ఎక్కడిదక్కడే ఉంది. పక్కన ఆకుపచ్చ సిరాతో రెండు అచ్చుతప్పులు దిద్ది ఉన్నాయి. సారు బల్ల కింద స్టీలు ఫ్లాస్కు కూడా ఎక్కడిదక్కడే ఉంది.

పిల్లలూ, ఈ వృత్తిలో తప్పు చేసినవాళ్లు వచ్చి తప్పు చేశామని చెబుతారని ఎదురుచూడకండి. నా ఉద్యోగ జీవితమంతా ఎదురుచూశాను, ఒక్కరూ రాలేదు. అచ్చుతప్పులు దిద్ది పంపితే అదే క్షమాపణ అనుకుని పుచ్చుకోండి. అది కూడా అందరూ పంపరు. అట్లాగని మీరు కొలిచినదాన్ని మాత్రం ఎవరి కోసమూ తీసేయకండి. ఎలుకకు మీ గైడు ఎవరో తెలియదు. అందుకే దాని మాట నమ్మదగింది.

వైవా

రెడ్డెమ్మ వైవాకు బయటి రాష్ట్రం నుంచి ఒక పెద్దాయన పరీక్షకులుగా వచ్చారు. సెమినార్ హాలు నిండిపోయింది. రెడ్డెమ్మ అమ్మ పట్టుచీర కట్టుకుని ముందు వరుసలో కూర్చుంది, ఒక్క ముక్క అర్థం కాకపోయినా కూతురు ఆగిన చోటల్లా తలూపుతూ. ఆకు పనిచేయదని రెడ్డెమ్మ తొణక్కుండా చెప్పింది. పెద్దాయన చాలా ప్రశ్నలు వేసి, చివరికి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఇట్లాంటి థీసిస్‌లు నేను చాలా చూశానమ్మా. ఈ పస్తుల గుంపు మాత్రం ఎక్కడా చూడలేదు. థీసిస్‌కు ప్రాణమంతా అందులోనే ఉంది. ఎవరిదీ ఆలోచన?"

రెడ్డెమ్మ నోరు తెరిచింది. అంతలో ముందు వరుసలో నుంచి చేతికర్ర చప్పుడైంది. మునిరత్నం సారు లేచి నిలబడ్డారు.

"నాదే. పాప చేరిన మొదటిరోజే సెప్పినా. ఎలక ఎంత తింటాదో తూకం వెయ్యకుండా షుగరు గురించి నా దగ్గర మాట్లాడొద్దని."

హాలులో అందరూ మెచ్చుకోలుగా ఆయన వైపు తిరిగారు. నేను కూర్చున్న కుర్చీ చెయ్యి విరిగిందేమోనని తర్వాత చూసుకున్నాను. రెడ్డెమ్మ సారు కాలి వైపు ఒకసారి చూసింది. తర్వాత పెద్దాయనతో అంది: "అవును సార్. సారే సెప్పినారు."

చప్పట్లు. డాక్టరేటుకు సిఫారసు. అందరికీ టీ, మసాలా వడలు.

నేను ఆమెను రెక్క పట్టుకుని వరండాలోకి లాక్కొచ్చాను. "నీకేమైనా బుద్ధుందా? అది నీ ఆలోచన. పండగలు మానుకుని తూకాలు వేసింది నువ్వు. నేను సాక్షిని ఇక్కడే ఉన్నాను కదా, ఎందుకు ఒప్పుకున్నావు?"

లోపల సారు గొంతు ఖంగుమని వినిపిస్తోంది. మేత తూకం ఎంత ముఖ్యమో పెద్దాయనకు ఇంకా వివరిస్తూనే ఉన్నారు.

రెడ్డెమ్మ చేతిలో ఉన్న వడను రెండుగా తుంచి, పెద్ద ముక్క నాకిచ్చింది.

"పోనీలెండి మేడం. అది తన ఆలోచనే అని ఇంతమంది ముందర సెప్పుకున్నారు. ఇంక ఆ ఆకు యాడ తాగుతారు?"